లూదియా సాక్ష్యం

ఆ గురువారం పొద్దున జకరయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటి బస్సెక్కి శిరివెళ్ల పక్కన తాను పనిచేసే ఎలిమెంటరీ స్కూలుకు పోవాలి. పిల్లలను ఎక్కాలు వల్లించమని చెప్పి, ఆ గోలలో కూతురు లూదియాకు ఉపన్యాసం రాసేయాలి. సాయంత్రం ఆళ్లగడ్డకు తిరిగొచ్చి దాన్ని బట్టీ పట్టించాలి. శనివారం హైస్కూల్లో పదో తరగతి వాళ్ల వీడ్కోలు సభలో ఆ పిల్ల లేచి గడగడా చెప్పేస్తుంది. ఇంతే. మనిషన్నవాడు ఇంతకంటే తక్కువ కోరుకోవడం కష్టం.

కానీ జకరయ్య ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. ఆలోచన వస్తే లేచి నడుస్తాడు. నడిస్తే ఆ ఆలోచన పోతుంది. పోయినదాన్ని వెతుక్కుంటూ మళ్లీ నడుస్తాడు. వారం నుంచి రాస్తున్న ఉపన్యాసం ఇంకా పలకరింపులు దాటలేదు. సభాధ్యక్షులకు, నంద్యాల నుంచి వస్తున్న ముఖ్య అతిథికి, వేదిక మీది పెద్దలకు, వేదిక కింది పెద్దలకు, పెద్దలు కాకపోయినా తమను పెద్దలే అనుకునేవారికి వందనాలు. ఎవరి పేరు వదిలితే ఎవరికి కోపమొస్తుందోనన్న భయంతో ఒక్కొక్కరినీ చేరుస్తూ పోయాడు. కాగితాలు నిండాయిగానీ స్కూలు మాట ఇంకా రాలేదు.

ఈ హైరానా ఊరికే కాదు. స్కూలు కమిటీ ప్రెసిడెంటు విశ్వేశ్వరయ్య శెట్టికి ఆళ్లగడ్డలో పెద్ద కిరాణా అంగడి, దాని వెనక శనక్కాయల గోడౌను ఉన్నాయి. వాళ్ల తాత పేరు మీద నంద్యాలలో ఆడపిల్లల హాస్టలు నడుపుతున్నారు. ఏటా ఈ స్కూలు నుంచి ఒక పిల్లకు అందులో తిండీ ఉండడమూ ఉచితం. వీడ్కోలు సభలో మాట్లాడిన పిల్లకే ఆ సీటివ్వడం శెట్టి పెట్టిన ఆనవాయితీ. లూదియాకు నంద్యాలలో ఇంటరు చదవాలని ప్రాణం. ఆ సీటు రాకపోతే జకరయ్య జీతంతో నంద్యాల చదువు అయ్యే పని కాదు. ఈ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు కాబట్టి ముగ్గురిలో ఎవరూ పైకి అనడం లేదు.

"నాయనా, నేనే రాసుకుంటాలే," అంది లూదియా జడ అల్లుకుంటూ.

"నువ్వు రాస్తే చిన్నగుంటాది పాపా. నంద్యాల నుంచి పెద్దాఫీసరమ్మ వస్తాంది. ఆయమ్మ ముందర పెద్దగుండాల," అన్నాడు జకరయ్య, గడపకీ గోడకీ మధ్య నాలుగోసారి తిరుగుతూ.

పొయ్యి దగ్గర సంగటి గెలుకుతున్న భార్య చెన్నమ్మకు ఈ నడక చూసి కళ్లు తిరిగాయి. "ఎందుకప్పా అంత రచ్చ? క్రిస్మస్‌కు గుళ్లో పాప సాక్ష్యం చెప్పింది గదా, కాగితం కూడా లేకుండా. ముసలమ్మలంతా కండ్లు తుడుచుకుండ్రి. స్కూల్లో గూడా అట్లనే చెప్తే చాలదా?"

సాక్ష్యమంటే వాళ్ల గుడిలో ఎవరైనా లేచి నిలబడి, తన బతుకు మునుపు ఎట్లా ఉండేదో, దేవుడు ఎవరి చేత ఏ మేలు చేయించాడో, ఇప్పుడెట్లా ఉందో నలుగురి ముందూ చెప్పుకోవడం. కష్టంలో ఆదుకున్న వాళ్ల పేర్లు చెబుతారు. విన్నవాళ్లు స్తోత్రం అంటారు. అందరూ హాయిగా ఇంటికి పోతారు.

జకరయ్య నడక ఆపేశాడు. "అదీ మాట. ముందు ఎట్లుంటిమి, ఎవరు మార్చినారు, ఇప్పుడెట్లుండాము. అట్లనే చెప్పు పాపా. పేర్లు మాత్రం ఇడిచిపెట్టొద్దు. ఎవరు ఏం చేసినారో ఒక్కటి గూడా దాయొద్దు."

లూదియా ముఖం వెలిగిపోయింది. జకరయ్య గుండె కుదుటపడింది. ఎనిమిదింటి బస్సు మాత్రం అప్పటికి శిరివెళ్ల దారిలో సగం దూరం పోయింది.

పథకం మొత్తానికీ చెడింది ఆ బస్సు వల్ల కాదు, బెల్లం వల్ల. చెన్నమ్మ బెల్లం కోసం శెట్టి అంగడికి పోయింది. పొద్దుటిపూట గల్లాపెట్టె దగ్గర శెట్టి భార్య తులసమ్మ కూర్చుంటుంది. ఊరి సంగతులన్నీ సరుకుతో పాటు ఆమె దగ్గరే తూకం పడతాయి.

"శనివారం మీ పాపే మాట్లాడతాదంట గదా. ఏం మాట్లాడతాదో ఏమో," అంది తులసమ్మ, తక్కెడలో బెల్లం పెడుతూ.

"మాట్లాడేదేముందమ్మా, సాక్ష్యం చెప్తాది," అంది చెన్నమ్మ గర్వంగా.

తులసమ్మ చేతిలో తక్కెడ ఆగిపోయింది. "ఏం సాక్ష్యం?"

"ఈ అయిదేండ్లలో స్కూల్లో ఎవరేం చేసినారో అంతా. పేర్లతో సహా చెప్పమన్నాడు వాళ్ల నాయన. ఒక్కటి గూడా దాయొద్దన్నాడు."

"అందరి ముందరా? ఆఫీసరమ్మ ముందరా?"

"అందరి ముందర చెప్పకుంటే అది సాక్ష్యం ఎట్లయితాది తల్లీ?"

ఆళ్లగడ్డలో సాక్ష్యం అనే మాట వింటే మామూలు మనిషి ముందు కుడి పక్కకు చూస్తాడు, తర్వాత ఎడమ పక్కకు చూస్తాడు, ఆ తర్వాత ఏ పక్కా చూడకుండా ఇంటికి పోతాడు. ఆ మాటకు అక్కడున్నది ఒకటే అర్థం, దానికి కోర్టు, వకీలు, పోలీసు జీపు తోడుగా వస్తాయి. తులసమ్మ గుడికి పోయే మనిషేగానీ ఆ గుడి వేరు. అక్కడ సాక్ష్యాలు చెప్పరు, హారతి ఇస్తారు. ఆమె తూకం చూడకుండానే ఇంకో పెద్ద గడ్డ తీసి చెన్నమ్మ సంచిలో వేసింది. ఆ అంగడి పెట్టినప్పటి నుంచి అట్లా జరగలేదు. చెన్నమ్మ ఆ గడ్డను దేవుని కృప అనుకుని ఇంటికి తీసుకుపోయింది.

శెట్టి మధ్యాహ్నం భోజనానికి కూర్చుని ఈ కబురు విన్నాడు. పెరుగన్నం దాకా రాకుండానే లేచాడు.

ఆయన భయానికి కారణం బండలు. రెండేళ్ల కిందట పదో తరగతి గదికి పరచమని సర్కారు లారీ నిండా బేతంచెర్ల బండలు పంపింది. ఆ రోజు వాన. స్కూలుకు ప్రహరీ లేదు. పోకుండా ఉంటాయని శెట్టి వాటిని తన గోడౌనులో దింపించాడు. దింపిన బండలు ఊరికే నిలబడి ఉండడం చూసి మనసొప్పక, తాత్కాలికంగా శనక్కాయల బస్తాల కింద పరిపించాడు. ఆ తాత్కాలికం రెండు పంటలు చూసింది. శెట్టి దొంగ కాడు, పాపం. తిరిగివ్వడం గుర్తులేని మనిషి, అంతే. పైగా పోయినేడు లూదియా స్కూలు చందా అడగడానికి గోడౌను దాకా వచ్చి, "బండలు బాగుండాయి శెట్టిగారూ, చల్లగా," అని కూడా అంది. అప్పుడాయన నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు ఆ మాటే చెవిలో గింగురుమంటోంది.

శెట్టి తిన్నగా హైస్కూలుకు పోయి హెడ్మాస్టరు సత్యనారాయణ గదిలో దూరి తలుపేశాడు. "ఏమప్పా సారూ, పిల్లతో సాక్ష్యం చెప్పిస్తాండావంట. ఎవని మీద?"

"సాక్ష్యమేంది శెట్టీ? ఉపన్యాసం గదా?"

"ఉపన్యాసం కాదు, గిపన్యాసం కాదు. స్కూల్లో ఎవరేం చేసినారో పేర్లతో సహా చెప్తాదంట, నంద్యాల మేడం ముందర. వాళ్లమ్మే మా అంగట్లో చెప్పిపోయింది."

హెడ్మాస్టరు భయం వేరు. ఆయన గుండెలో ఉన్నది రేడియో. పిల్లలు పాఠాలు వినడానికి సర్కారు ఇచ్చిన రేడియో మూడేళ్లుగా ఆయన ఇంట్లో వంటింటి గూట్లో కూర్చుని పాటలు పాడుతోంది. పోయిన దసరాకు మార్కుల కాగితాలు ఇచ్చిపోవడానికి ఇంటికొచ్చిన లూదియా దాని ముందు నిలబడి ఒక పాట పూర్తిగా విని మరీ పోయింది.

సాయంత్రం జకరయ్య వీధిలోకి హెడ్మాస్టరు సైకిలు వచ్చింది. జకరయ్య హడావుడిగా మంచం వాల్చి, దుప్పటి పరిచి, మళ్లీ తీసి, మరో దుప్పటి పరిచాడు. హెడ్మాస్టరు అంచున కూర్చున్నాడు. అడగలేడు, అడగకుండా పోలేడు.

"పాప చెప్పేదాంట్లో నా పేరేమన్నా వస్తాదా సారూ?"

"మొదటి పేరు మీదే సార్."

"మొదటిదే?"

"మీరు చేసింది అట్లాంటిది మరి. ఇన్నాళ్లు మా ఇంట్లో మేమే అనుకుంటా ఉంటిమి. శనివారం అందరికీ తెలియల్ల." జకరయ్య ఉద్దేశం, లూదియాకు జ్వరమొచ్చి పరీక్ష పోతే హెడ్మాస్టరు మళ్లీ పెట్టించిన సంగతి.

"నా పేరు తీసెయ్యడానికి కుదరదా?" అన్నాడు హెడ్మాస్టరు గొంతు తగ్గించి.

జకరయ్యకు కళ్లు చెమర్చాయి. ఎంత వినయం ఈ మనిషికి అనుకున్నాడు. "మీరు వద్దన్నా పాప ఇడిచిపెట్టదు సార్. చేసినోళ్లు చేసింది దాచుకోవచ్చు. చూసినోళ్లు దాయగూడదు."

హెడ్మాస్టరు నీళ్లు కూడా తాగకుండా సైకిలెక్కాడు. మరుసటి రోజు ప్రార్థన గంట కొట్టేసరికి రేడియో స్కూలు వరండాలో స్టూలు మీద ఉంది. కంగారులో దాని మీద ఆయన భార్య కుట్టిన గులాబీపూల గుడ్డ తీయడం మర్చిపోయాడు.

అదే శుక్రవారం తెల్లారగానే శెట్టి స్వయంగా జకరయ్య ఇంటికొచ్చాడు. ఆ వీధిలో ఆయన అడుగు పెట్టడం అదే మొదలు. చేతిలో రవ్వలడ్ల పొట్లం ఉంది. జకరయ్య సంతోషానికి అంతులేదు. సీటిచ్చే మనిషి ఇంటికే వచ్చాడు, ఇంకేం కావాలి.

"జకరయ్య సారూ, తిప్పి తిప్పి అడిగేది నాకు రాదు. పాప సాక్ష్యంలో బండ మాట వస్తాదా, రాదా?"

జకరయ్య నిర్ఘాంతపోయాడు. వాళ్ల గుడిలో బండ అంటే దేవుడే. మన్ను మీద కట్టిన బతుకు కూలిపోతుంది, బండ మీద కట్టింది నిలుస్తుంది అని పాస్టరు వారం వారం చెబుతాడు. ఈ మాట ఒక కోమటి పెద్దమనిషి నోట, అది కూడా అంత ఆత్రంగా వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"బండ లేకుండా సాక్ష్యం యాడిది శెట్టిగారూ? మొదలుపెట్టేదే బండ మీద."

"మొదలే?"

"మునుపు మన్ను మీద ఉంటిమి, ఇప్పుడు బండ మీద ఉండామని చెప్పాల గదా. అదే అసలు సంగతి."

శెట్టి పై పంచెతో మెడ తుడుచుకున్నాడు. "ఇప్పుడు బండ మీద ఉండారని యాడ చెప్తారు? లేరు గదా."

"ఉండాల శెట్టిగారూ. ఎప్పుడైనా రావచ్చు బండ మీదికి. ఈ రోజు వచ్చినా మేలే. ఆలస్యమైందని ఎవరూ ఏమనుకోరు," అన్నాడు జకరయ్య, ఆయన భుజం మీద చెయ్యి వేసి, గొంతులో ప్రేమంతా నింపి.

"ఈ రోజు వచ్చినా ఏమనుకోరా?"

"ఏమనుకోరు. పాతవన్నీ కొట్టేసినట్టే."

శెట్టి చటుక్కున లేచి రెండు చేతులూ పట్టుకుని, "పెద్ద మనసప్పా నీది," అని బయటికి పరుగెత్తాడు. జకరయ్య లోపలికొచ్చి భార్యతో, శెట్టి మారుమనసుకు దగ్గరపడ్డాడని, ఈ ఆదివారం ఆయన కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేయించాలని చెప్పాడు. చెన్నమ్మ లడ్డు కొరికి, నెయ్యి బాగా పట్టించారంది.

పొద్దెక్కేసరికి ఆళ్లగడ్డ బజారంతా శెట్టి గోడౌను ముందు నిలబడి ఉంది. శనక్కాయ బస్తాలు నడివీధిలో గుట్టగా పడి ఉన్నాయి. లోపల కూలోళ్లు గడ్డపారలతో బండలు పెరుకుతున్నారు. "బేగా కానీయండ్రా," అని శెట్టి అరుస్తున్నాడు. పెరికిన బండలు ఎడ్లబండ్ల మీద హైస్కూలుకు పోతున్నాయి. అక్కడ పదో తరగతి పిల్లలను చెట్టు కిందికి తోలి, మేస్త్రీలు గదిలో బండలు పరుస్తున్నారు. చెట్టు కింది పిల్లలకు హెడ్మాస్టరు రేడియో పెట్టి పాఠం వినిపిస్తున్నాడు. ఇంతకుముందు ఆ స్కూల్లో ఎవరూ ఎవరికీ ఇంత మేలు చేసినట్టు దాఖలాలు లేవు.

శెట్టి తన గోడౌను తానే తవ్వించుకుంటున్నాడంటే ఊరు ఊరికే ఉంటుందా. శెట్టి మీద కేసంట అన్నారు. హెడ్మాస్టరు ఇంట్లో సోదా అయిందంట, రేడియో పట్టుకున్నారంట అన్నారు. సాక్షి పదో తరగతి పిల్లంట, శనివారం అందరి ముందరా నోరు విప్పుతుందంట అన్నారు. ఆ మాట పోలీస్ స్టేషన్ చేరింది. మధ్యాహ్నం హెడ్ కానిస్టేబుల్ దేవదానం లాఠీతో సహా జకరయ్య ఇంటి ముందు సైకిలు దిగాడు. ఆ పూట జకరయ్య ఒంటిపూట సెలవు పెట్టి ఇంట్లోనే నడుస్తున్నాడు.

"సాక్షి ఇల్లు ఇదేనా?"

"ఏం సాక్షి?" అన్నాడు జకరయ్య, నడక ఆపి.

"లూదియా అనే పాప. రేపు సాక్ష్యం చెప్తాదంట గదా. ఎవరన్నా బెదిరిస్తాండారేమో కనుక్కోమని మా సారు పంపినాడు. ఏ కేసు?"

జకరయ్య కేసు లేదని, అది గుళ్లో చెప్పే సాక్ష్యమని, మేళ్లు చెప్పుకోవడమని హడావుడిగా వివరించాడు. దేవదానం నంద్యాలలో అట్లాంటి గుడికే పోయే మనిషి. కాసేపు జకరయ్యను, కాసేపు వీధిలో పోతున్న బండల బండిని చూశాడు. తర్వాత గడప మీదనే కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"సారూ, నువ్వు చెప్పింది గుడి సాక్ష్యం. ఊరు ఇన్నది కోర్టు సాక్ష్యం. ఆ శెట్టి ఏం దాచినాడో ఏమో గానీ, నీ పాప నోరు తెరవకముందే అంతా కక్కుతాండాడు."

దేవదానం నవ్వుకుంటూ పోయాడు. జకరయ్యకు నవ్వు రాలేదు. శెట్టి తమను బెదిరించేవాళ్లనుకున్నాడు. లడ్లు భక్తితో తెచ్చినవి కావు, భయంతో తెచ్చినవి. ఇక సీటిస్తాడా? చెప్పు ఒకటి దొరక్క, దొరికిన ఒక్కటీ వేసుకుని బయలుదేరబోయాడు.

"ఇప్పుడు యాడికి పోతాండావ్?" అంది చెన్నమ్మ.

"శెట్టికి నిజం చెప్పల్ల. మన గురించి ఏమనుకుంటాండాడో."

"పోవద్దు నాయనా," అంది లూదియా మెల్లగా. "రేపు నేను మాట్లాడినాక చెప్పుకోవచ్చు గదా."

జకరయ్య వినలేదు. నిజం తెలిశాక దాన్ని ఒక పూట ఇంట్లో ఉంచుకోవడం కూడా ఆయన చేత కాదు.

శెట్టి తన గోడౌనులో, నిన్నటి దాకా బండలున్న చోట, మన్ను మీద నిలబడి ఉన్నాడు. జకరయ్య చెప్పిందంతా విన్నాడు. మొదట ఆయన ముఖం వికసించింది.

"అంటే కోర్టు లేదు, ఫిర్యాదు లేదు?"

"ఏమీ లేదు శెట్టిగారూ."

"పాపకు నా మీద కోపం లేదు?"

"మీ పేరెత్తితే దండం పెడతాది."

"మరి బండల సంగతి?"

"ఏ బండలు శెట్టిగారూ?" అన్నాడు జకరయ్య అమాయకంగా.

శెట్టి కింద మన్నును చూశాడు. వీధిలో ఎండకు ఎండుతున్న బస్తాలను చూశాడు. వికసించిన ముఖం ముడుచుకుపోయింది. ఎవరూ అడగని బండలు తనే పెరికించి, తనే కూలి ఇచ్చి, తనే పరిపించి వచ్చాడు.

"సరే సారూ. పాప మాట్లాడేది వద్దులే. మా తమ్ముని కూతురు సరస్వతమ్మ గూడా పదో తరగతే, ఆ పిల్ల మాట్లాడతాది. నువ్వేదో పెద్ద ఉపన్యాసం రాసినావంట, ఆ కాగితాలు పంపించు."

"మరి హాస్టలు సీటు?"

"మాట్లాడిన పిల్లకే గదా ఇచ్చేది. అందరికీ తెలిసిందే."

జకరయ్య ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఆయన అట్లా కదలకుండా కూర్చోవడం చూసి చెన్నమ్మ భయపడింది. విషయం విన్నాక లూదియా కేకలు వేయలేదు. "నువ్వు పోకుంటే ఏమయ్యేది నాయనా?" అని మాత్రం అడిగి, గోడ వైపు తిరిగి ఏడ్చింది.  తన నోటితోనే కూతురి చదువు పోగొట్టానని జకరయ్యకు అప్పుడు తెలిసొచ్చింది. కాగితాలు తీసుకుపోవడానికి శెట్టి అంగడి నుంచి మనిషి వచ్చాడు. జకరయ్య లేచి వాటిని ఇచ్చాడు.

శనివారం సభ. నంద్యాల నుంచి ఆఫీసరు ఉమామహేశ్వరమ్మ జీపు దిగి, నవ్వకుండా స్కూలంతా తిరిగింది. పదో తరగతి గదిలో వంగి బండల మధ్య సిమెంటును వేలితో నొక్కింది. వేలికి తడి అంటింది. తుడుచుకుని ముందుకు నడిచింది. శెట్టి మాత్రం, "అంతా పిల్లల కోసమే మేడం," అన్నాడు.

పిల్లలంతా ఎదురుగా కూర్చున్నారు. లూదియా చివరి వరసలో ఉంది. జకరయ్య గోడవారగా నిలబడి, రెండు పాదాలనూ మార్చి మార్చి కదుపుతున్నాడు. సరస్వతమ్మ లేచి కాగితాలు విప్పింది. ఆ పిల్లకు మాట్లాడాలనీ లేదు, నంద్యాల పోవాలనీ లేదు. పెదనాయన చదవమన్నాడు కాబట్టి సభాధ్యక్షుల దగ్గర మొదలుపెట్టి వందనాలు చదివింది. వేదిక అయింది. వేదిక కింద అయింది. ఊరి పెద్దలయ్యారు. పక్క ఊరి పెద్దలు మొదలయ్యారు. గంట కొట్టే అటెండరు తన పేరు విని లేచి దండం పెట్టాడు. పిల్లలు నవ్వు ఆపుకోలేక ఒకరినొకరు గిల్లుకున్నారు.

"పాపా," అంది ఉమామహేశ్వరమ్మ. "అసలు సంగతి ఎప్పుడొస్తాది?"

సరస్వతమ్మ మిగిలిన కాగితాలన్నీ తిప్పి చూసింది. "లేదు మేడం. చివరిదాకా ఇదే ఉంది."

సభ గొల్లుమంది. జకరయ్య తల గోడకు ఆనించుకున్నాడు. ఆఫీసరమ్మ హెడ్మాస్టరు వైపు తిరిగింది. "ఇన్నేండ్లు చదివి, కాగితం లేకుండా నాలుగు మాటలు చెప్పే పిల్ల ఒక్కతే లేదా మీ స్కూల్లో?"

హెడ్మాస్టరు నోరు తెరిచేలోగా పదో తరగతి మొత్తం ఒకేసారి, "లూదియా మేడం," అంది. అందరికంటే గట్టిగా అన్నది సరస్వతమ్మ.

లూదియా ముందుకొచ్చింది.  తండ్రి వైపు చూసింది, శెట్టి వైపు చూసింది. సీటు ఎట్లాగూ పోయింది, ఇంక పోయేదేముంది అనుకుంది.

"అందరికీ నమస్కారం. నాకు ఉపన్యాసం చెప్పను రాదు. సాక్ష్యం చెప్పేదే వచ్చు."

శెట్టి కుర్చీ కిర్రుమంది.

"మునుపు మేము మన్ను మీద కూర్చుంటిమి. వానొస్తే పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని, నిలబడే పాఠం ఇంటిమి. నిన్న విశ్వేశ్వరయ్య శెట్టిగారు వాళ్ల గోడౌన్లో బండలు పెరికించి మా గదిలో ఏపించినారు. రెండేండ్లు ఆ బండల మీద శనక్కాయలు కూర్చున్నాయి, ఇప్పుడు మేము కూర్చున్నాము. వాళ్లకు మా వందనాలు. రేడియో పాఠాలు మేము ఎన్నడూ ఇనలేదు. నిన్న హెడ్మాస్టరు సారు వాళ్ల ఇంట్లోని రేడియో తెచ్చి ఇనిపించినారు. దాని మీది పూలగుడ్డ గూడా మాకే ఇచ్చేసినారు. నాకు జ్వరమొస్తే సారు నాకొక్కదానికే మళ్లా పరీక్ష పెట్టించినారు. వాళ్లకు గూడా వందనాలు." ఆ పిల్ల ఎదురుగా కూర్చున్న చిన్న పిల్లలను చూసింది.  "పరీక్షలైనాక మేము ఎల్లిపోతాము. మేము ఆ బండల మీద కూర్చునేది కొన్నాళ్లే. మా ఎనకొచ్చే పిల్లోళ్లు కూర్చుంటారు. నాకు ఇంకా చదవాలని శానా ఉంది. కుదరదు. కుదిరినోళ్లు బాగా చదువుకోండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చెన్నమ్మ మాత్రం అలవాటుగా స్తోత్రం అంది. ఆ పిల్ల చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం లేదు, ఒక్క నింద లేదు, అంతా కృతజ్ఞతే. వేదిక మీద ఇద్దరు పెద్దమనుషులకు చెమటలు కారుతున్నాయి.

ఉమామహేశ్వరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "శెట్టిగారూ, సర్కారు బండలు ఏమైనాయని ఎవరో ఫిర్యాదు చేసినారు. దాని కోసమే నేను వచ్చింది. బండలు ఈడనే ఉండాయి కాబట్టి ఆ మాట ఇంతటితో వదిలేస్తా." శెట్టి ఊపిరి పీల్చుకోబోయాడు. "ఇంతకీ మీ నంద్యాల హాస్టలు సీటు ఈసారి ఏ పిల్లకు?"

శెట్టి తమ్ముని కూతురిని చూశాడు. ఆ పిల్ల రెండు చేతులూ అడ్డంగా ఊపుతోంది. ఆఫీసరమ్మను చూశాడు. చివరికి, రెండు రోజులు కూడా పట్టకుండా తన గోడౌను ఖాళీ చేయించిన లూదియాను చూశాడు. ఈ పిల్ల ఆళ్లగడ్డలో ఇంకో రెండేళ్లు ఉంటే ఇంకా ఏమేం చూస్తుందో ఆయనకు ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి.

"ఈ పాపకే మేడం," అన్నాడు గట్టిగా. "ఎంత బేగా పోతే అంత మంచిది."

అప్పుడు పడ్డాయి చప్పట్లు. లూదియా నిలబడినచోటే ముఖం కప్పుకుని ఏడ్చేసింది. జకరయ్య పిల్లల మధ్య నుంచి తొక్కుకుంటూ పరుగెత్తి కూతురిని పట్టుకున్నాడు. ఏదో చెప్పాలని చాలా ప్రయత్నించాడు గానీ "పాపా" తప్ప మరో మాట రాలేదు. ఆ పూటకు ఆ ఒక్క మాటే సరిపోయింది.

నంద్యాల హాస్టలు చూసుకునేది శెట్టి బావమరిది. ఆళ్లగడ్డ నుంచి వచ్చే పిల్ల చూసినదంతా చూసినట్టు, పేర్లతో సహా చెబుతుందని శెట్టి ఆయనకు ముందే కబురు పంపాడు. జూన్‌లో లూదియా ట్రంకుపెట్టెతో బస్సు దిగి వచ్చింది. ఆ రాత్రి నుంచి హాస్టల్లో పప్పులో పప్పు కనబడింది.